పదకొండో అక్షరం

ఉప్సాలా,
మార్చి 15

టోర్కెల్,

అంత్యక్రియల రోజు చర్చి మెట్ల మీద నువ్వు అడిగావు, మీ అక్క చివరి రోజు ఎలా గడిచిందని. కాఫీ చల్లారిపోతోందని ఏదో చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు రాస్తున్నాను.

ఫిబ్రవరి పన్నెండు, మంగళవారం. సోల్వేగ్ ఆరున్నరకి లేచింది. రాత్రి నిద్ర పట్టిందని చెప్పింది. పెరుగులాంటి పుల్లని పాలు రెండు చెంచాలు తాగి గిన్నె పక్కన పెట్టింది. బయట సున్నాకు పద్నాలుగు డిగ్రీలు కింద. తొమ్మిదికి నర్సు వచ్చి చూసి వెళ్ళింది. పదికి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ఫోన్ మాట్లాడింది. ఇరవై నిమిషాలు. తర్వాత సోఫాలో పడుకుంది. మధ్యాహ్నం సూప్ వద్దంది. రెండున్నరకి ఊపిరి అందలేదు. అంబులెన్సు పదకొండు నిమిషాల్లో వచ్చింది. ఆస్పత్రిలో ఒకసారి కళ్ళు తెరిచి ఇవాళ ఏ వారం అని అడిగింది. మంగళవారం అన్నాను. "అయితే ఇంకా టైముంది" అంది. ఐదుంబావుకి పోయింది. నేను పక్కనే ఉన్నాను.

మా ఇంటి నియమం నీకు తెలుసు. ఏ పట్టా మీద ఏ రైలు ఏ వేళకు నడవాలో ప్రభుత్వ శాఖలో కూర్చుని రాసే పని నాది. ఆ వేళలు ఇలా ఇవ్వండి, అలా ఇవ్వకండి అని రైలు కంపెనీలన్నిటి తరఫునా ప్రభుత్వానికి రాసే పని ఆమెది. ఒకే కంచం దగ్గర ఆ రెండు పనులూ కలవకూడదు. అందుకని ఇరవై రెండేళ్ళు మేం భోజనాల దగ్గర రైళ్ళ మాట ఎత్తలేదు. నేను రిటైరై ఐదేళ్ళయినా ఆమె తలుపు వేసుకునే మాట్లాడేది.

ఆ రోజు ఫోన్ నీకే చేసిందని అనుకుంటున్నాను. ఏం మాట్లాడుకున్నారో అడగను. గొంతు ఎలా ఉందో చెప్పు. నాతో అప్పటికే గుసగుసగా మాట్లాడుతోంది.

సిక్స్టెన్


హెడ్‌విక్,
మార్చి 27

బావా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నర్సు వచ్చిన టైము కూడా రాశావు. నిన్ను నడిచే టైంటేబుల్ అని అక్క ఊరికే అనలేదు.

ఫోన్ నాకే. గొంతు బాగుంది. గట్టిగానే ఉంది. నీ దగ్గర దాచుకున్న బలమంతా నా మీద వాడిందనుకో.

ఇక్కడ ఇంకా మంచు పోలేదు. నిన్న ఉదయం మా ఆరుంబావు రైలు బస్సు, ఒంటిపెట్టె బండి, లోయ మలుపులో అరగంట ఆగిపోయింది. ఆస్పత్రి నర్సులు నలుగురు, హైస్కూలు పిల్లలు ఇరవై మంది. పిల్లలు పాట అందుకున్నారట, డ్రైవరు వద్దని బతిమాలాడట. ఆ ఒక్క బండి లేకపోతే హెడ్‌విక్‌లో ఉద్యోగమూ లేదు, చదువూ లేదు. ప్రభుత్వం తెస్తానంటున్న కొత్త నియమం వస్తే మొదట పోయేది అదే. రద్దీ మార్గంలో ఎక్కువ మంది ఎక్కే రైలుకే ముందు వేళ ఇస్తారట. నాది ఒక్క పెట్టె బండి. నా ఊరి నుంచి పెద్ద మార్గంలో కలిసే ఆ నలభై కిలోమీటర్లలో నా వేళ ఎవడో తన్నుకుపోతాడు.

పదహారేళ్ళ కిందట రెండు పాత రైలు బస్సులతో కంపెనీ పెట్టినప్పుడు నన్ను రైలు కంపెనీల సంఘంలో చేర్చింది అక్కే. మొదటి వార్షిక సమావేశానికి వెళ్తే ముందు వరసంతా పెద్ద కంపెనీలవాళ్ళు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. అక్క వచ్చి అందరినీ లేపి, పేర్ల అక్షర క్రమంలో కూర్చోమంది. నాలుగొందల రైళ్ళున్నావిడ లేచి నా పక్క కుర్చీలోకి మారింది. అప్పటి నుంచి అదే పద్ధతి. రాతలోనూ అంతే. పదకొండు కంపెనీల్లో ఒక్కరు కాదన్నా ఆ మాట సంఘం ప్రభుత్వానికి ఇచ్చే జవాబులోకి రాదు. చిన్నవాడి కాదనడానికీ పెద్దవాడి కాదనడానికీ ఒకే బరువు. ఇది మా అక్క పెట్టించిన నియమం. ఈ దేశంలో ఇంకే సంఘంలోనూ లేదని ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి.

వేళకు తిను. నీకు చెప్పాలా?

టోర్కెల్


ఉప్సాలా,
ఏప్రిల్ 9

టోర్కెల్,

సంఘం అధ్యక్షుడు హెన్నింగ్ రాస్క్ మొన్న వచ్చాడు. సోల్వేగ్ కాగితాలు తీసుకెళ్ళాలని. యాలకుల బన్నులు తెచ్చాడు. మర్యాదస్తుడు. ఆమె గది చూపించమంటే, ముందు నేను చూసి ఇస్తానని చెప్పాను.

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆమె బల్ల దగ్గర కూర్చున్నాను.

ప్రభుత్వం కొత్త నియమం తేవాలంటే ముందు ముసాయిదాను సంబంధమున్న వాళ్ళందరికీ పంపి, గడువు పెట్టి, రాతపూర్వకంగా జవాబు అడుగుతుంది. మా శాఖలో ఆ జవాబులు అందుకునే వైపు నేను ముప్ఫై ఏళ్ళు ఉన్నాను. రాసే వైపు ఎలా ఉంటుందో ఇప్పుడు చూశాను. మీకు ఆమె ఎప్పుడూ ప్రతి పంపి ఊరుకోలేదు. ఫోన్ చేసి, ఒక్కొక్కరికీ మొత్తం చదివి వినిపించేది. కళ్ళతో చదివితే మనుషులు తమకు కావలసిన వాక్యమే చూస్తారు, వినేటప్పుడు అన్నీ వినాల్సి వస్తుంది అని ఒక కాగితం మీద రాసుకుంది. ఒప్పుకున్నవాళ్ళ పేరులో మొదటి అక్షరం మార్జిన్‌లో పెన్సిల్‌తో వేసేది. ఒక పేజీలో ఒక అక్షరం ఐదుసార్లు చెరిపి ఉంది. ఆరోసారి వేసినప్పుడు కొంచెం పెద్దదిగా వేసింది.

ఈసారి ఆమె రాసిన జవాబు చివరి ముసాయిదాలో నాలుగో అంశం ఇది: "ఎంత రద్దీ ఉన్నా ప్రతి మార్గంలో ఉదయం ఒక రైలుకూ సాయంత్రం ఒక రైలుకూ వేళ ఖాయంగా ఉండాలి. అది ఎవరి రైలైనా, ఎన్ని పెట్టెలదైనా." దాని పక్కన పది అక్షరాలున్నాయి. నీది లేదు.

రాస్క్‌ని అడిగాను. జవాబు మార్చిలోనే మంత్రిత్వ శాఖకు వెళ్ళిందన్నాడు. నాలుగో అంశం లేకుండా. "పదిమంది ఒప్పుకున్నారు, ఒకరు మిగిలారని సోమవారం నాతో అంది. మంగళవారం పోయింది. ఆ ఒక్కరూ ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు కాబట్టి ఆ అంశం తీసేశాను. తీసేసిన ప్రతి అందరికీ పంపాను. పది రోజుల్లో ఎవరూ ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టే కదా. మీ బావమరిది కూడా ఏమీ అనలేదు" అన్నాడు.

నీ రైలును కాపాడే అంశం అది. దానికి నీ అక్షరమే ఎందుకు లేదు?

సిక్స్టెన్


హెడ్‌విక్,
ఏప్రిల్ 14

బావా,

గొంతు బాగుంది అని రాశాను. ఏమందో రాయలేదు. నువ్వు అడగనన్నావు, నేను దాక్కున్నాను.

ఆ రోజు నాలుగో అంశం చదివింది. నేను వద్దన్నాను. ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి ఏం సరిపోతాయి, నాకు మూడేసి కావాలన్నాను. మూడంటే పెద్దవాళ్ళు ఒప్పుకోరు, ఒకటికి ఒప్పించడానికే శీతాకాలం అంతా పట్టింది, ఉన్నది నిలుపుకో, తర్వాత పెంచుకుందాం అంది. నేను వినలేదు. "నువ్వు నా అక్కవి కాదు, పెద్ద కంపెనీల గుమాస్తావి" అన్నాను. ఆ మాటే అన్నాను. అక్క, "రేపు మళ్ళీ చేస్తాను టోర్కెల్, ఈలోపు ఏదైనా తిని ఉండు, ఆకలేసినప్పుడే నువ్విలా మాట్లాడతావు" అంది.

మర్నాడు ఫోన్ చేసింది నువ్వు.

ఇక రాస్క్ పంపిన ప్రతి. పదహారేళ్ళుగా సంఘం ముద్ర ఉన్న కవరు వస్తే అందులో అక్క చేతిరాత ఉండేది. పక్కన చిన్న చీటీ, మీ ఆవిడ దగ్గు తగ్గిందా, పడవకు రంగు వేశావా అని. ఆమె పోయాక వచ్చిన కవర్లు నేను విప్పలేదు. చేతకాలేదు. కిటికీలో పెట్టాను. నీ ఉత్తరం చూశాక నిన్న విప్పాను. పై కవర్లోనే ఉంది. పది రోజులు ఎప్పుడో దాటిపోయాయి. మనం ఆమెను పాతిపెట్టిన వారం ఆ పది రోజుల మధ్యలో ఉంది.

నా కాదనడంతో నా బండి పోయింది. నా మౌనంతో మిగిలిన అవకాశమూ పోయింది. ఇంత మూర్ఖుడు ఇంకొకడు దొరకడు.

సంఘం నుంచి బయటికి వచ్చేస్తున్నాను. రాజీనామా రాసి పెట్టాను. మంత్రిత్వ శాఖకు విడిగా నా జవాబు నేనే రాస్తాను. నన్ను అడగకుండా నా నోరు మూశారని అందులో రాస్తాను.

టోర్కెల్


ఉప్సాలా,
ఏప్రిల్ 19

టోర్కెల్,

ఆ మాట అన్నావు. వెనక్కి తీసుకోలేవు. కానీ ఆమెకు కోపం రాలేదు. కోపం వస్తే "సరే" అని పెట్టేసేది. ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ "సరే" విన్నవాణ్ణి, నాకు తెలుసు. ఆస్పత్రిలో ఇంకా టైముంది అన్నది నీ గురించే. బుధవారం నీకు ఫోన్ చేయాలని అనుకుంటూ పోయింది.

రాజీనామా పంపకు. విడిగా జవాబు రాయకు. కారణం చెప్తాను.

మీ సంఘం జవాబు వచ్చిన రోజు మా గదిలో పని ఆగేది. అందులో ఏముంటే అది "కంపెనీలన్నిటి మాట" అని పైకి రాయాల్సి వచ్చేది. దాన్ని పక్కన పెట్టాలంటే పక్కన పెట్టడానికి కారణం కూడా రాయాలి. అది చాలా కష్టం. కానీ ఒక్క కంపెనీ విడిగా ఇంకో కాగితం పంపితే మాకు పండగ. "కంపెనీల్లో ఏకాభిప్రాయం లేదు" అని ఒక్క వాక్యం రాసి, రెండూ ఒకే ఫైలులో పెట్టి, మేం మొదట అనుకున్నదే చేసేవాళ్ళం. ఆ వాక్యం నేనే చాలాసార్లు రాశాను. నీ పేరుతో ఇంకోసారి ఎవరూ రాయకూడదు.

ఆమె జవాబుల్లో వాక్యాలు పట్టుకుంటే జారేవి కావు. కింద సంతకం అధ్యక్షుడిది. రాసింది ఎవరో గదిలో అందరికీ తెలుసు, నా ముందు ఎవరూ అనేవారు కారు. చదివి, మడిచి, సాయంత్రం ఇంటికి వచ్చి బంగాళాదుంపలు చెక్కు తీసేవాణ్ణి. ఇవాళ ఎలా గడిచిందని అడిగేది. మంచి ఉత్తరం ఒకటి చదివానని చెప్పేవాణ్ణి. ఇంకేమీ అడిగేది కాదు. చెవులు ఎర్రబడేవి. నియమం దాటి నేను చేసిన పని అదొక్కటే.

ఇప్పుడు నేను దాచినది.

కొత్త నియమం మొదటి వాక్యం నీకు గుర్తుండే ఉంటుంది. "పట్టా ఒక్కటే అయినప్పుడు ఎక్కువ మందిని మోసే రైలు ముందు నడవాలి." అది నేను రాసిన వాక్యం. రిటైరవడానికి మూడేళ్ళ ముందు. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. సొరుగులో ఉండిపోయింది. కొత్త మంత్రి వచ్చాక ఎవరో బయటికి తీశారు. శరదృతువులో పత్రికలో చూసి గుర్తుపట్టాను. ఇంట్లో చెప్పలేదు. నియమం ఉంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె ప్రతిలో ఆ వాక్యం కింద గీత ఉంది. పక్కన పెన్సిల్‌తో: "ఇది సిక్స్టెన్ వాక్యం. అందంగా రాశాడు. ఒప్పుకోను."

ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చున్నాను. ఆమె చెప్పింది నిజం. ఎంతమంది ఎక్కారో లెక్క వేశాను. ఆ రైలు తప్పితే ఇంకో రైలు ఎవరికి లేదో లెక్క వేయలేదు. కాగితం మీద నేను చూసినవి గీతలు. ఆమె పదకొండు మందితో మాట్లాడి తెలుసుకున్నది నాకు ఫైలులో రాలేదు.

గడువు మే పదిహేను. గడువులోపు పాత జవాబు వెనక్కి తీసుకుని కొత్తది ఇవ్వవచ్చు. అది మా వైపు నిబంధన, నాకు ఖాయంగా తెలుసు. మీ సంఘం నిబంధనల పుస్తకం కూడా ఆమె బల్ల మీద ఉంది. ఏ సభ్యుడైనా జవాబును మళ్ళీ చదివించమని అడగవచ్చు. ఇంతవరకూ ఎవరూ అడగలేదు, ఎందుకంటే ఆమె అడగకుండానే చదివేది.

నువ్వు అడుగు. ముందు మిగతా పదిమందికీ ఫోన్ చెయ్యి. ఉత్తరం వద్దు. ఫోన్ చెయ్యి. నాలుగో అంశం నకలు దీనితో పంపుతున్నాను.

సిక్స్టెన్


హెడ్‌విక్,
మే 4

బావా,

పదిమందికీ చేశాను. పన్నెండు రోజులు పట్టింది. అక్క ఈ పని ఏడాదికి ఎనిమిదిసార్లు ఎలా చేసేదో నాకు అర్థం కాదు. నాకు చెవి వాచింది.

మొదట గూడ్రున్ ఆల్మ్‌కి చేశాను. అదే, కుర్చీ మారిన ఆవిడ. నా గొంతు వినగానే, "ఏరా మొండోడా, నీ వల్ల నాలుగో అంశం పోయిందటగా. నీ బండి కాపాడ్డానికి సోల్వేగ్ నా బుర్ర ఐదుసార్లు తిన్నది, తెలుసా?" అంది. ఆ ఐదుసార్లు చెరిపిన అక్షరం ఆవిడదే బావా.

ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను. "మీ రైలెక్కే వాళ్ళలో ఏడోవంతు ఇంకెవరిదో చిన్న బండి దిగి వస్తారంది. నేను నమ్మలేదు. మా వాళ్ళ చేత లెక్క పెట్టించాను. ఆరోవంతు తేలింది" అంది. మరి తీసేసిన ప్రతి వచ్చినప్పుడు ఎందుకు ఊరుకున్నారన్నాను. "నువ్వు కాదన్నావనుకున్నాం కదరా. ఒక్కడు కాదంటే తీసేయాలి. అది మన పద్ధతి. పద్ధతి పాటించాం" అంది. పది మందీ అదే మాట. నేను వద్దన్నానని వాళ్ళు ఊరుకున్నారు. వాళ్ళు వద్దన్నారని నేను మండిపడ్డాను. అందరం నియమం తప్పకుండా పాటించి అక్క రాసింది చించి పారేశాం.

గూడ్రున్‌తో అన్నాను, "అక్కను గుమాస్తా అన్నానండీ, చివరి రోజు." ఆవిడ, "సోల్వేగ్ నన్ను అంతకంటే ఘోరంగా అనేది. ఇక చదవడం మొదలుపెట్టు" అంది. చదివాను. మధ్యలో రెండుసార్లు ఆగాను. ఆవిడ అడగలేదు.

రాస్క్‌కి చివర చేశాను, దుమ్ము దులుపుదామని. నేను మొదలుపెట్టకముందే, "నియమం చేతిలో పెట్టుకుని తప్పు చేశాను. ఆమె పోయిన వారం ఎవరికీ ఏమీ పంపకుండా ఉండాల్సింది" అన్నాడు. దులపడానికి ఏమీ మిగల్లేదు. మే పదమూడున, ఉదయం తొమ్మిదిన్నరకి, స్టాక్‌హోమ్‌లో, పదకొండు మందిమీ. అక్కడికక్కడ ఒప్పుకుంటే పదిహేను లోపు కొత్త జవాబు వెళ్తుంది. అయితే అందరూ ఆ గదిలోనే మళ్ళీ విని ఒప్పుకోవాలి. ఫోన్లో అన్నది లెక్కలోకి రాదు. ఇద్దరు ఇంకా గొణుగుతున్నారు. సరుకు రైళ్ళవాళ్ళు. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను.

ఇంకొకటి. ఎవరు చదవాలన్నది పెద్ద పేచీ అయింది. ఏ కంపెనీవాడు చదివినా మిగతావాళ్ళకు ఆ కంపెనీ గొంతే వినిపిస్తుంది. రాస్క్ చదవనన్నాడు. అప్పుడు గూడ్రున్ నీ పేరు చెప్పింది. పట్టాల శాఖవాడు కదా అని ఒకడు అన్నాడు. "మన కాగితాలన్నీ వాక్యం వదలకుండా చదివినవాడు ఈ దేశంలో ఆయనొక్కడే" అంది ఆవిడ.

నువ్వు చదవాలి బావా. ఆ మొదటి వాక్యం నీదని అక్కడ చెప్పక్కర్లేదు. అది నువ్వూ, నేనూ, అక్కా ఎరిగితే చాలు. ఆ గొణిగే ఇద్దరికీ అదొక సాకు దొరుకుతుంది.

పన్నెండునే బయల్దేరి వస్తాను. స్టాక్‌హోమ్‌లో చెల్లెలి ఇంట్లో దిగుతాను.

టోర్కెల్


ఉప్సాలా,
మే 12

టోర్కెల్,

నేను వస్తానని రాస్క్‌కి కబురు పంపాను. నీకూ చెప్పి ఉంటాడు. ఈ ఉత్తరం నువ్వు బయల్దేరాక హెడ్‌విక్ చేరుతుంది. తిరిగి వెళ్ళాక చదువుతావు. అప్పటికి ఏం జరిగిందో నీకు తెలిసే ఉంటుంది. నాకు ఇంకా తెలియదు.

వారం రోజులుగా వంటింట్లో నిలబడి గట్టిగా చదువుతున్నాను. మొత్తం పద్నాలుగు నిమిషాలు. నాకు పైకి చదివే అలవాటు లేదు. కొన్ని వాక్యాలు కళ్ళతో చదివినప్పుడు మామూలుగా అనిపించాయి, నోటితో చదివితే వాటి బలం తెలిసింది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆమె ముందే చూసి పెట్టింది. ఎదుటివాడు ఎక్కడ అడ్డం వస్తాడో తెలిసి, అక్కడ వాక్యం ముగించింది. ముప్ఫై ఏళ్ళు ఇలాంటి కాగితాలు చదివాను. ఇంత బాగా రాసినవాళ్ళను ఇంకెవరినీ చూడలేదు. ఆమె బతికుండగా ఇది ఒక్కసారి కూడా ఇలా చెప్పలేదు. మంచి ఉత్తరం చదివాను అనడం చాలనుకున్నాను.

ఆ వాక్యం నాదని చెప్పొద్దన్నావు. ఆలోచించాను. సరుకు రైళ్ళవాళ్ళకు సాకు దొరుకుతుందన్నది నిజమే కావచ్చు. అయినా చెప్తాను. ఆమె పదిమందిని ఒక్కొక్కరిగా ఒప్పించింది, దేన్నీ దాచి ఒప్పించలేదు. దాచిపెట్టి చదివితే అది ఆమె కాగితం కాదు. పైగా ఆ వాక్యాన్ని గట్టిగా సమర్థించగలవాణ్ణి నేను. అది తప్పని నేనే చెబితే, సరే అనడానికి వాళ్ళకు నాకంటే పెద్ద కారణం ఎవరు చూపిస్తారు? ఒప్పుకోకపోతే ఒప్పుకోరు. అప్పుడు కూడా ఆమె మాట ఆ గదిలో మొత్తం వినిపించిందని మనిద్దరికీ తెలుస్తుంది.

నల్ల సూటు బీరువాలోంచి తీశాను. బూట్లు తుడిచాను. కాగితాలు సంచిలో పెట్టాను.

రేపు ఉదయం ఏడు నలభై రైలెక్కి స్టాక్‌హోమ్ వస్తాను. తొమ్మిదిన్నరకి మీ పదకొండు మంది ముందు నిలబడి ముందుగా నా వాక్యం చదువుతాను. రాసింది నేనని, తప్పు రాశానని చెప్తాను. ఆ తర్వాత సోల్వేగ్ రాసింది మొదటి నుంచి చివరిదాకా చదువుతాను.

సిక్స్టెన్